పీల్చినప్పుడు పలికేది

విజయనగరం,
20 జూన్ 2024

చిరంజీవి అనంతకృష్ణకి,

అక్క ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు మాట్లాడిన దానికంటే దగ్గిందే ఎక్కువ. నువ్వు పెట్టేశాక కూడా చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఇకమీద ఫోను వద్దు. ఉత్తరం రాయి. రాయడానికి ఊపిరి ఖర్చవదు. నీ అక్షరాలు చూసి నాకూ చాలా ఏళ్ళయింది.

డాక్టరు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. మరదలు కుమారి పోయిన ఈ మూడేళ్ళలో నువ్వు "బాగానే ఉన్నానక్కా" అనని రోజు లేదు. ఆ ఒక్క మాటా రాయకు.

నాన్నగారి గది ఖాళీగానే ఉంది. నువ్వొస్తే ఇక్కడే ఉండొచ్చు. గుడి నైవేద్యం వదిలిపెట్టి నేను రాలేనని నీకు తెలుసు. పొద్దున్న దాలమ్మ అంట్లు తోముతూ "బాబు ఎలగున్నాడమ్మా, ఆయాసం తగ్గినాదా?" అని అడిగింది. దేవుడి దయ అన్నాను.

రోజూ నీ పేరున ఒక ఒత్తి వెలిగిస్తున్నాను.

అక్క


రాజాం,
27 జూన్

అక్కకి నమస్కారాలు.

ఆ మాట రాయొద్దన్నావు కదా, మొదటి వాక్యం ఏం రాయాలో తోచక పావుగంట కూర్చున్నాను.

డాక్టరు స్కాన్ చూపించి చెప్పారు. ఊపిరితిత్తుల కింది భాగం ఎండిన బీరకాయ పీచులా అయిందట. ఆ కరోనా జ్వరం కుమారిని తీసుకుపోయి నాకు పీచు మిగిల్చింది. అది మళ్ళీ మెత్తబడదు. మిగిలిన మెత్తని భాగాన్ని కాపాడుకోవాలి, అంతే. అందుకు రోజూ బుడగలు ఊదమన్నారు. నలభయ్యారేళ్ళ లెక్కల మాస్టారు గుమ్మంలో కూర్చుని బుడగలు ఊదుతుంటే ట్యూషన్ పిల్లలు వరసలో నిలబడ్డారు, పంచిపెడతాననుకుని.

అసలు సంగతి ఇక్కడిదాకా దాచాను. బుడగలు విసుగ్గా ఉన్నాయంటే, వ్యాయామం నేర్పే అమ్మాయి "అయితే మౌతార్గాన్ వాయించండి సార్, ఊపిరికి అదీ మంచిదే" అంది. పై వాటాలో పృథ్వీరాజ్ అని ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ ఉంటాడు. గిటారు వాయిస్తాడు. అతని దగ్గర మౌతార్గాన్ ఉంది! నేర్పుతానన్నాడు. నేర్పేది మాత్రం సినిమా పాటలు కాదు. బ్లూస్ అట. అమెరికాలో పత్తి చేలల్లో బానిసలుగా బతికినవాళ్ళ బిడ్డలు కట్టుకున్న పాట. అందులో మౌతార్గాన్ ఊదేది తక్కువ, పీల్చేది ఎక్కువ. ఏడుపంతా ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడే పలుకుతుంది. మూడో రంధ్రం పీల్చి, నాలిక వెనక్కి లాగితే స్వరం కిందికి వంగుతుంది.

కుమారి పోయాక నాకు ఏడుపు రాలేదని నువ్వు బెంగపెట్టుకున్నావు కదా. నిన్న ఆ స్వరం ఒక్కసారి వంగింది.

చిన్నప్పుడు జాతరలో కొనుక్కున్న మౌతార్గాన్ గుర్తుందా? దసరాకి సరస్వతి పీట మీద నాన్నగారి వయొలిన్ పక్కన పెట్టాను. ఎంగిలి వాయిద్యం పీట మీదేమిటన్నారు నాన్న. పీట మీంచి తీసింది నువ్వు. నిష్ఠూరానికి రాయడం లేదు. గుర్తొచ్చింది.

తమ్ముడు
అనంతకృష్ణ


విజయనగరం,
5 జూలై

చి. అనంతకృష్ణకి,

గుర్తుంది. చేత్తో ముట్టుకోకుండా గుడ్డతో పట్టుకుని తీశాను. నీకు గుర్తుండదులే అనుకున్నాను.

ఆ వంగే స్వరం ఎక్కడ ఆగుతుంది? సాధారణ గాంధారం దగ్గరా, అంతర గాంధారం దగ్గరా? నాన్నగారి వయొలిన్ తీసి వేలు జరిపి చూశాను. రెంటికీ మధ్యలో ఒక చోట మనసు పట్టుకుంది. అదేనా?

డాక్టరు చెప్పిన మందే కదా. వాయించు.

అక్క


రాజాం,
18 ఆగస్టు

అక్కా,

అదే! సరిగ్గా అక్కడే. పృథ్వీరాజ్‌కి చెబితే "మీ అక్కగారికి బ్లూస్ ఎవరు నేర్పారు సార్?" అన్నాడు. త్యాగరాజస్వామి అన్నాను.

ఇప్పుడు నేను బ్యాండులో ఉన్నాను. నవ్వకు. ఆదివారం మధ్యాహ్నాలు నా ట్యూషన్ షెడ్డులోనే సాధన. పృథ్వీరాజ్ గిటారు వాయిస్తూ పాడతాడు. కాలేజీ లైబ్రరీలో పనిచేసే ఎర్రన్నది బేస్ గిటారు. డ్రమ్ములు హరిబాబువి. అతను పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో వాయిస్తాడు, కాస్త ఆదమరిస్తే ఊరేగింపు వేగం అందుకుంటాడు.

మొదటి రోజు పాట మొదలైంది మొదలు చివరిదాకా ఆపకుండా వాయించాను. హరిబాబు పుల్లలు కింద పెట్టేశాడు.

"మేస్టారూ, ఆయన పాడతన్నాడు. తవరు ఊరుకోవాల."

"మరి నేనెప్పుడు వాయించాలయ్యా?"

"పాట ఆగిన కాడ కాళీ వస్తాది. అది మీ వొంతు. అప్పుడు కూడా గంపకెత్తినట్టు ఎత్తీకండి. కూసింత సాలు."

ఇందులో పాట నిర్మాణం ఇలా ఉంటుంది. ఒక మాట అంటారు. అదే మాట మళ్ళీ అంటారు. మూడోది దానికి జవాబు. మాటకీ మాటకీ మధ్య వదిలిన ఖాళీలో మౌతార్గాన్ పలుకుతుంది. నీకు తెలిసిన లెక్కలో మొత్తం పన్నెండు ఆవర్తాలు. పృథ్వీరాజ్ మన భాషలో ఒకటి కట్టాడు:

పొద్దుటి బస్సెక్కి ఎల్లిపోనావు, ఒక్క మాటైనా సెప్పనేదు
పొద్దుటి బస్సెక్కి ఎల్లిపోనావు, ఒక్క మాటైనా సెప్పనేదు
గుమ్మం కాడ నీ సెప్పులున్నాయి, నేనింకా తియ్యనేదు

కుమారి చెప్పులు నా గుమ్మంలో చూసే రాసి ఉంటాడు.

ఇలాంటి మూడు చరణాలయ్యాక, పన్నెండు ఆవర్తాలూ మౌతార్గాన్ ఒక్కటే నడపాలి. నేను అయిదు దాటలేకపోతున్నాను. విజయదశమి సాయంత్రం ఇక్కడి దసరా పందిట్లో హరిబాబు మాకో అరగంట ఇప్పించాడు. ఆ రోజు పన్నెండూ నిలబడి వాయించాలి. ఒక్కసారి చాలు. అంతకుమించి ఇప్పుడు నాకు కోరికలేమీ లేవు.

ఒక్కో మౌతార్గాన్‌కి ఒక్కటే శ్రుతి. నేర్చుకోవడానికి నేను కొనుక్కున్నది ఆ పాటకి పనికిరాదు. అందుకని పృథ్వీరాజ్ తనది, వాళ్ళ తాతగారి నాటిది, నా చేతిలో పెట్టాడు. మధ్యలో చెక్క, అటూ ఇటూ ఇత్తడి రేకులు. బంగారంలా పలుకుతుంది.

తమ్ముడు


విజయనగరం,
12 సెప్టెంబరు

చి. అనంతకృష్ణకి,

మూలా నక్షత్రం నాటికి ఇంటికి రా. పీట వేస్తాను. నీ మౌతార్గాన్ కూడా పట్టుకురా. నాన్నగారి వయొలిన్ పక్కన పెడదాం.

ఈ మాట రాయడానికి నాకు ముప్పయ్యేళ్ళు పైనే పట్టింది.

అక్క


రాజాం,
19 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం పృథ్వీరాజ్‌కి చదివి వినిపించాను. పూజకి పెడతానంటే మౌతార్గాన్‌ని కొత్త పెట్టెలో పెట్టి ఇచ్చాడు, పెళ్ళికూతురిని పంపినట్టు.

కృష్ణుడి పిల్లనగ్రోవి ఎంగిలి కాదా అని ఆనాడు నాన్నని అడిగితే చెవి మెలేశారు. ఈసారి అడగను. మూలకి ముందు మంగళవారం మధ్యాహ్నానికి దిగుతాను.

నిన్న తొమ్మిది ఆవర్తాలు వచ్చాయి.

తమ్ముడు


రాజాం,
13 అక్టోబరు

అక్కకి,

క్షేమంగా చేరాను. చీపురుపల్లి దాటాక జనంతో బస్సు కదల్లేదు. పందిట్లోకి వెళ్ళేసరికి మావాళ్ళు మెట్ల మీద నాకోసం చూస్తున్నారు. పెట్టె తెరిచి, నువ్వు పెట్టిన కుంకుమ కళ్ళకద్దుకుని, తిన్నగా ఎక్కేశాను.

మొదటి చరణం అయింది. ఖాళీ వచ్చింది. పీల్చాను.

పలకలేదు.

గోడకి మూతి ఆనించి పీల్చినట్టుంది. ఊదితే ఎక్కడో కీచుమంది. పీలిస్తే ఏమీ లేదు. రెండో ఖాళీ అంతే. పన్నెండు ఆవర్తాల చోటు వచ్చినప్పుడు హరిబాబు నా మొహం చూసి, ఇంకో పన్నెండు కొట్టాడు, అందుకుంటానేమోనని. వెనకనించి ఎవరో "మైకు రాటం నేదు, మైకు సూడండిరా!" అని అరిచారు. మైకు బాగానే ఉందక్కా. పృథ్వీరాజ్ గిటారుతో ఆ చోటు నింపేశాడు. నేను దిగిపోయాను.

నిన్న పొద్దున్న ఉద్వాసన చెప్పి పీట కదిపాక, ఆనవాయితీ ప్రకారం కొంచెం వాయించమన్నావు. ఉన్న ఊపిరి సాయంత్రానికి దాచుకుంటానని గొప్పలు పోయాను. దాచుకున్నది ఏమీ లేదని తేలింది.

నా ఊపిరి అయిపోయింది. మరేం బాధ లేదు.

తమ్ముడు


విజయనగరం,
18 అక్టోబరు

చి. అనంతకృష్ణకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రయాణపు అలసట అయి ఉంటుంది. ఊపిరి అయిపోయిందని నీకు నువ్వే తీర్పు చెప్పుకోకు. బుడగలు మానకు. నీ దగ్గరున్న పాత మౌతార్గాన్ వాయించి చూడు.

సిరిమాను జాతరకి ఈ ఏడు జనం బాగా వచ్చారు. నేను వెళ్ళలేదు.

ఇంకొక మాట రాయాలి. వచ్చే ఉత్తరంలో రాస్తాను.

అక్క


రాజాం,
4 నవంబరు

అక్కా,

ఏ మాట? ఎదురుచూస్తున్నాను.

బుడగలు మానేశాను. పాత మౌతార్గాన్ అలమారులో ఉంది. పృథ్వీరాజ్‌ది అతనికి ఇచ్చేశాను. పందిరి అయిన వారానికే జ్వరం వచ్చి ఛాతీ పట్టేసింది. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టారు. దాని చప్పుడు నాలుగు అంకెల తాళంలో ఉంటుంది. హరిబాబు వచ్చి దాని పక్కన కూర్చుని "మా సెడ్డ లయగాడు మేస్టారూ, ఊరేగింపుకి పనికిరాడు" అన్నాడు. నవ్వితే దగ్గొచ్చింది.

తమ్ముడు


విజయనగరం,
15 నవంబరు, కార్తీక పౌర్ణమి

చి. అనంతకృష్ణకి,

ఈ ఉత్తరం రాసేదాకా దీపం పెట్టకూడదనుకుని కూర్చున్నాను.

మూలా నక్షత్రం నాడు నువ్వు మౌతార్గాన్ నా చేతికిచ్చి నాన్నగారి గదిలో పడుకున్నావు. ఆయాసంతో నిద్రపోయావు. నేను పెట్టె తెరిచాను. పీట మీద పెట్టడానికి మనసు ఒప్పుకుంది. చెయ్యి ఒప్పుకోలేదు. ఎంగిలి అనిపించింది. నీది, పృథ్వీరాజ్‌ది, మనం ఎరగని వాళ్ళ తాతగారిది. ఇత్తడి రేకులు నల్లబడి ఉన్నాయి. ఇత్తడి కనిపిస్తే చింతపండు పట్టించడం ఈ చేతులకి అలవాటు. దీపపు సెమ్మెలు తోముతున్న చోటే కూర్చుని, చింతపండు నీళ్ళలో నానబెట్టాను. రంధ్రాల్లోకి పోయేలా పీచుతో తోమాను. కొళాయి కింద కడిగాను. చేటలో ఎండబెట్టాను.

దాలమ్మ చూసింది. "సున్నితం సామానులా ఉన్నాది, తడి తగిల్తే సెడిపోదా అమ్మా?" అంది. ఇత్తడికి తడేం చేస్తుందే అన్నాను. లోపల చెక్క ఉందని నువ్వు ఆగస్టులోనే రాశావు. చదివాను కూడా.

సాయంత్రానికి మెరిసింది. నాకు సంతోషం వేసింది. నీకు చెప్పలేదు. చెబితే ఎంగిలి అన్న మాట మళ్ళీ అనాల్సి వస్తుందని.

విజయదశమి నాడు నువ్వు వాయించి చూసి ఉంటే ఇక్కడే తెలిసేది. ఊపిరి దాచుకుంటానన్నావు. నేను బలవంతపెట్టలేదు.

పీలిస్తే పలకలేదని నువ్వు రాసింది చదివిన రోజే నాకు అర్థమైంది. నెల రోజులు పూజలో కూర్చుని నీకు రాయకుండా దేవుడికి చెప్పుకున్నాను. వినాల్సినవాడివి నువ్వు. నువ్వు ఊపిరి పోయిందనుకుని బుడగలు మానేశావు. అది నా మౌనం వల్ల.

ఒకసారి గుడ్డతో తీశాను. ఒకసారి చింతపండుతో కడిగాను. రెండుసార్లూ నేనే.

క్షమించమని అడగడం లేదు. బుడగలు ఊదు.

అక్క


రాజాం,
2 డిసెంబరు

అక్కా,

నాకు తెలుసు.

పందిరి అయిన నాలుగో రోజున పృథ్వీరాజ్ దాని మరలు ఊడదీశాడు. చెక్క ఉబ్బి పగిలింది. సన్నటి ఇత్తడి నాలికల మధ్య చింతపండు పీచు. చూసి "ఇదేటి సార్, ఇందులో పులిహోర కలిపారా?" అన్నాడు. వాళ్ళ తాతగారిది అక్కా, అయినా అలా అన్నాడు. ఇద్దరం నవ్వాం. తరవాత మరలు ఒక్కొక్కటే మళ్ళీ బిగించాడు.

నీకెందుకు రాయలేదంటే, నువ్వు చెబుతావేమోనని చూశాను. చిన్నప్పుడు పీట మీంచి తీసేసినప్పుడు నువ్వు ఒక్క మాటా అనలేదు. ఈసారైనా అంటావేమోనని. అన్నావు. చాలు.

తెలిశాక కూడా బుడగలు ఎందుకు మానేశావంటావు. అదీ రాస్తాను. ఆ శ్రుతికి ఇంకొకటి తెప్పించి ఇచ్చాడు. అప్పటికే ఛాతీ పట్టేసింది. మూడు ఆవర్తాలకి కళ్ళు తిరిగాయి. మళ్ళీ ప్రయత్నించలేదు. కాబట్టి నీవల్ల కాదు అని రాస్తే అబద్ధం. నీవల్లే అని రాస్తే అదీ అబద్ధం. ఆ సాయంత్రానికి నాలో పన్నెండు ఆవర్తాల ఊపిరి ఉందో లేదో, అది ఇక మనిద్దరికీ ఎప్పటికీ తెలీదు. నాకు బాధ అదొక్కటే.

నా పాత మౌతార్గాన్ పార్సిల్‌లో పంపుతున్నాను. రోజూ నా నోట్లో నానింది. పూర్తిగా నా ఎంగిలి. కడక్కు.

మూడో రంధ్రం. పీల్చు.

తమ్ముడు


విజయనగరం,
16 డిసెంబరు

చి. అనంతకృష్ణకి,

చేరింది. రెండు రోజులు పీట మీద పెట్టి చూస్తూ ఉన్నాను. మూడో రోజు స్నానం అయ్యాక నోటికి పెట్టుకున్నాను. నువ్వు ఎప్పుడూ నమిలే లవంగం వాసన ఉంది.

స్వరం వచ్చింది. వంగలేదు. దాలమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా అది, ఎవరో ఏడస్తన్నట్టున్నాది" అంది. ఇంకా రాలేదే, వస్తుంది అన్నాను.

అక్క


రాజాం,
9 జనవరి 2025

అక్కా,

రెండు ముక్కలే రాయగలను. నాలిక వెనక్కి లాగు. బలంగా పీల్చకు. మెల్లిగా. అంతే.

తమ్ముడు


రాజాం, నీ ఇంటి నుంచి
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

చి. అనంతకృష్ణకి,

ఈ ఉత్తరం నీకు నర్సమ్మ చదివి వినిపిస్తానంది. నీ నోట్లో గొట్టం ఉంది కాబట్టి నువ్వు బదులు చెప్పక్కర్లేదు. పదకొండు రోజులు విశాఖపట్నం ఆస్పత్రి వరండాలో ఉన్నాను. లోపలికి రోజుకి అయిదు నిమిషాలే పంపుతున్నారు. గుడి నైవేద్యం కూర్మయ్యగారికి అప్పగించి వచ్చాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. ముందే చెయ్యగలిగిన పని.

నీ బట్టల కోసం నిన్న ఇక్కడికి వచ్చాను. తాళం తీస్తుంటే పృథ్వీరాజ్ మెట్లు దిగి వచ్చాడు. నా సంచిలో మౌతార్గాన్ ఉందని చెప్పాను. ఈ రోజు మధ్యాహ్నం ముగ్గురూ షెడ్డుకి వచ్చారు. నా దగ్గరున్నది ఆ పాట శ్రుతికి పనికిరాదు కదా. పాట శ్రుతే మార్చేశారు.

నల్లబల్ల మీద నీ లెక్క ఒకటి సగంలో ఉంది. దాని కింద కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. కంగారులో పృథ్వీరాజ్ పాడుతుండగానే అందుకున్నాను. హరిబాబు ఆపలేదు. కొడుతూనే "అమ్మా, మేస్టారు కూడా ఇలగే సేసీవోరు. ఆగండి. కాళీ వస్తాది" అన్నాడు.

ఆగాను. గుమ్మం కాడ నీ చెప్పులున్నాయి అన్న మాట అయింది. ఖాళీ వచ్చింది. మూడో రంధ్రం పీల్చాను. వంగింది. సగమే. హరిబాబు తల ఊపాడు, సాలు అన్నట్టు. పీల్చిన ఊపిరి వదలడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

మూడు చరణాలయ్యాక నీ పన్నెండు ఆవర్తాలు వచ్చాయి. నన్ను వాయించమన్నారు. అది నా చోటు కాదన్నాను. పృథ్వీరాజ్ గిటారు తీగల మీద చెయ్యి ఆనించి ఊరుకున్నాడు. హరిబాబు మెల్లిగా తాళం వేశాడు. ఎర్రన్న కింది స్వరాలు నడిపాడు. పన్నెండూ అలాగే నడిచాయి. ఎవరూ నింపలేదు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను, నాన్నగారు మనకి నేర్పినట్టు.

అదంతా పృథ్వీరాజ్ ఫోనులో పట్టాడు. రేపు ఈ ఉత్తరంతో పాటు తెస్తాడు, నీ చెవి దగ్గర పెడతాడు. ఊపిరి మిషనుది అయినా ఫరవాలేదు. మనసులో పీల్చు.

గుమ్మంలో కుమారి చెప్పులు, నీ చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టాను. మౌతార్గాన్ తుడిచి పెట్టెలో పెడుతుంటే చెయ్యి అలవాటుగా కొళాయి వైపు వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.

కడగలేదు.

జవాబు తొందరేం లేదు. నీ చోటు ఖాళీగా ఉంది.

అక్క